తెల్ల డ్రెస్ ఒకటి చాలదు

మార్చి నెలాఖరు వచ్చేసరికి విజయవాడ వీధుల్లో సమ్మర్ క్యాంపుల ఫ్లెక్సీలు లేస్తాయి. ఈత, స్కేటింగ్, చదరంగం, కరాటే. ఒంటిపూట బడులు మొదలై పిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి చేరుతుంటారు. వాళ్ళ చేతిలోంచి ఫోన్ ఎలా తీసుకోవాలా అని తల్లిదండ్రులు ఆలోచిస్తుంటారు. ఈమధ్య నన్ను అడిగేవాళ్ళలో కొందరు కరాటే బదులు ఐకిడో పేరు చెబుతున్నారు. వీడియోల్లో చూశారట. గుద్దులాటలు తక్కువ, చాలాచోట్ల పోటీలే ఉండవు, మీదికొచ్చినవాడి ఊపునే వాడుకుని వాడిని పడగొట్టడం ఉంటుంది. ఆడపిల్లలకూ బాగుంటుందని వాళ్ళ ఆశ. "మంచిదేనా డాక్టరుగారూ, డ్రెస్‌కి ఎంతవుతుంది?" అని రెండు ప్రశ్నలూ ఒక్క గుక్కలో అడుగుతారు.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. మంచిదే. పడటం, లేవడం, ఒంటిని అదుపులో పెట్టుకోవడం నేర్పే ఏ విద్యయినా పిల్లలకు మంచిదే. రెండో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, రోజూ ఓపీలో కూర్చునే నాలాంటి వాళ్ళకు అదే పెద్దది. డ్రెస్ ధర కంటే దాన్ని ఎలా వాడుతున్నారన్నదే తరువాతి ఖర్చును తేలుస్తుంది. నా సలహా ముందే చెప్పేస్తాను. మొదటి నెల డ్రెస్ కొనకండి. కొనేటప్పుడు ఖరీదైనది ఒకటి తీసుకునే బదులు మామూలువి రెండు జతలు తీసుకోండి.

ఐకిడోను రూపొందించింది జపాన్‌కు చెందిన మోరిహేయ్ ఉయెషిబా (1883-1969). పాత జుజుత్సు పట్లను తన పద్ధతిలో మలిచారు. వేసుకునే తెల్ల డ్రెస్ మాత్రం జూడో నుంచి వచ్చింది. 1882లో జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో శిష్యులకు, పట్టుకుని గుంజినా చిరగని మందపాటి అంగీ కావలసి వచ్చింది. 1922లో ఒకినావా నుంచి టోక్యోకు కరాటేను తీసుకెళ్ళిన గిచిన్ ఫునాకోషి దగ్గర అదే నమూనా పలచబడి కరాటే డ్రెస్ అయింది. సుమన్, భానుచందర్ సినిమాలు చూసి కరాటేలో చేరిన తరానికీ, 'తమ్ముడు', 'జానీ' చూసి చేరిన తరానికీ తెలిసిన డ్రెస్ ఈ పలచని రకమే. ఆ తరాలవాళ్ళే ఇప్పుడు పిల్లల్ని చేర్చడానికి వస్తున్నారు. అందుకే ఐకిడోకూ అదే సరిపోతుందనుకుంటారు.

కొంతవరకు సరిపోతుంది. ఐకిడోలో ఎదుటివాళ్ళు మణికట్టు, చొక్కా చెయ్యి, భుజం, కాలర్ పట్టుకుంటారు. పలచని కరాటే అంగీకి చంక దగ్గర కుట్టు ముందు పోతుంది. టైలరు చేత అక్కడ రెండో వరస కుట్టు వేయిస్తే, కొత్తగా చేరిన పిల్లలకు ఏడాది గడుస్తుంది. కరాటే రకం జత సుమారు 700 నుంచి 1,200 రూపాయల మధ్య దొరుకుతుంది. జూడో రకం 2,000 దాటుతుంది. మంచి నేత అయితే ఇంకా పైన. వస్త్రలతలో మందపాటి నూలు డ్రిల్ బట్ట కొని, తెలిసిన టైలరుకు ఒక పాత డ్రెస్ నమూనాగా ఇచ్చి కుట్టించుకోవచ్చు. దానికి మాస్టారు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి. "మా దగ్గరే కొనాలి, మా బొమ్మే ఉండాలి" అన్నదొక్కటే కారణమైతే ధర మీద బేరమాడే హక్కు మీకుంది.

నూలుబట్ట మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది. కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోండి. పిల్లలు ఎలాగూ ఎదుగుతారు. చేతులు మడిచి రెండు కుట్లు వేస్తే సరి. అంగీ వేసుకునేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేయడం జపాన్‌లో శవానికి బట్ట కట్టే పద్ధతి. ఈ ఒక్క మాట చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

మొదటి నెల ఎందుకు వద్దన్నానంటే, చేరినవాళ్ళలో చాలామంది ఆ నెలలోనే మానేస్తారు. మోకాళ్ళు దాటి కిందికి ఉండే నూలు ప్యాంటు, జిప్పులు లేనిది, చేతులున్న మామూలు టీ షర్టు చాలు. జిప్పు ఉంటే అది పిల్లల వీపుకో, పక్కవాళ్ళ ముఖానికో గీసుకుంటుంది. చేతి వేళ్ళ గోళ్ళు, కాలి వేళ్ళ గోళ్ళు పొట్టిగా కత్తిరించాలి. గాజులు, గొలుసులు, చెవిదిద్దులు, మొలతాడుకున్న వెండి బిళ్ళ ఇంట్లో పెట్టి వెళ్ళాలి. మొలతాడు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

ఇక రెండు జతల సంగతి. మన డెల్టాలో గాలి నిండా తేమే. కృష్ణా నది, కాలువలు, వరి మళ్ళు, పక్కనే సముద్రం. చెమట పడుతుంది కానీ ఆరదు. మందపాటి తెల్ల అంగీ లోపల గంటసేపు దొర్లిన పిల్లవాడి ఒళ్ళు నీళ్ళలో ముంచి తీసినట్టుంటుంది. తరువాత ఏం జరుగుతుంది? సాయంత్రం క్లాసు ఆరున్నరకు అయిపోతుంది. ట్యూషన్ ఏడింటికి. మధ్యలో ఇంటికి వెళ్ళి స్నానం చేసే తీరిక ఉండదు. అదే డ్రెస్ మీద చొక్కా తగిలించుకుని, తడి నడుముతో, తడి గజ్జలతో మరో గంటన్నర కుర్చీలో కూర్చుంటారు. రాత్రి ఆ డ్రెస్‌ను విప్పి బ్యాగులో కుక్కి, ఎల్లుండి క్లాసుకు అదే తీసి వేసుకుంటారు. ఒకటే జత ఉన్న ఇంట్లో అమ్మ మాత్రం ఏం చేస్తుంది? వానాకాలంలో పటమటలోనో భవానీపురంలోనో ఫ్లాట్ బాల్కనీలో ఆరేసిన జూడో అంగీ రెండు రోజులకు కూడా ఆరదు. తడి బట్టతో రోజులు గడిపితే చర్మానికి ఏమవుతుందో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ వాసులకు నేను చెప్పనక్కరలేదు.

వచ్చేది తామర. గజ్జల్లో, నడుము చుట్టూ, బెల్ట్ బిగిసే చోట, చంకల్లో ఎర్రటి వలయాలుగా మొదలవుతుంది. అంచు పొట్టులేస్తూ బయటికి పాకుతుంది, మధ్యలో తేటపడుతుంది. రాత్రిళ్ళు దురద నిద్రపోనివ్వదు. ఇది ఫంగస్ జబ్బు. ఒంటికి ఒళ్ళు తగిలితే అంటుతుంది. మ్యాట్ మీద, తువ్వాలు మీద, ఒకరి డ్రెస్ ఇంకొకరు వేసుకుంటే కూడా అంటుతుంది. ఒకరినొకరు పట్టుకుని దొర్లే విద్యలన్నిటికీ ఈ బెడద ఉంది. కుస్తీవాళ్ళలో ఇది ఎంత మామూలంటే, వాళ్ళ పేరుతోనే వైద్యంలో దీనికొక పేరుంది. 2000 తరువాతి సంవత్సరాల్లో జపాన్ జూడో క్రీడాకారుల్లో ఒక రకం తామర, తలలోకి కూడా పాకేది, విస్తృతంగా వ్యాపించింది. శుభ్రతకు పేరుపడ్డ దేశంలోనే అలా జరిగింది.

మన దగ్గరిది ఇంకా మొండి రకం. టెర్బినాఫిన్ అనే మందుకు లొంగని కొత్త ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పెట్టింది జపాన్ పరిశోధకులు. అక్కడ ఉంటున్న భారత, నేపాల్ రోగుల చర్మం నుంచి దాన్ని వేరుచేశారు. వాళ్ళ డ్రెస్ మనకొచ్చింది, మన తామర వాళ్ళకు పోయిందని మా కొలీగ్స్ మధ్య ఒక చేదు జోకు. ఒకప్పుడు ఎండల్లో, వానల్లో వచ్చి రెండు వారాల పూతతో పోయే జబ్బు ఇప్పుడు ఏడాది పొడుగునా కనిపిస్తోంది. ఒకరికొస్తే ఇంటిల్లిపాదికీ పాకుతోంది.

ఇంత మొండిగా మారడంలో మన చేతులు కూడా ఉన్నాయి. దురద మొదలవగానే సందు చివర మందుల షాపుకు వెళ్ళి "తామరకు ఏదైనా ఇవ్వండి" అంటాం. ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్, యాంటిబయాటిక్ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండో రోజుకే దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది. నయమైందని ఆపేస్తాం. లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంటుంది. వారం తిరిగేసరికి రెట్టింపు వైశాల్యంతో తిరిగొస్తుంది. వలయం ఆకారం కూడా చెరిగిపోవడంతో డాక్టరుకు సైతం గుర్తుపట్టడం కష్టమవుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి, తొడల మీద చారలు పడతాయి. ఆ చారలు పోవు. పదమూడేళ్ళ పిల్లల తొడల మీద వాటిని చూసినప్పుడు నాకు కోపం పిల్లల మీద రాదు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూత మందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలోకి తెచ్చింది. అయినా చీటీ అడిగే కౌంటర్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. మీ ఇంట్లో ఉన్న ట్యూబు ఒకసారి తీసి చూడండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటసోన్ అని ఏది కనిపించినా దాన్ని తామరకు వాడకూడదు.

సరైన చికిత్సకు సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. పూతను మచ్చ మీదే కాకుండా చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మేర రాయాలి, పైకి తగ్గినట్టు కనిపించాక కూడా రెండు వారాలు కొనసాగించాలి. చాలామందికి మాత్రలు కూడా అవసరం. ఇట్రకోనజోల్ లాంటివి కాలేయం, గుండె సంగతులు చూసుకుని, వేరే మందులు ఏమి వాడుతున్నారో అడిగి ఇవ్వాల్సినవి. షాపులో పేరు చెప్పి కొనుక్కునేవి కావు. ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో ఈ వైద్యం ఉచితంగా అందుతుంది. ప్రైవేటులో ఇంట్లో నలుగురికి అంటుకుంటే, నలుగురి ఫీజులూ మాత్రలూ కలిపితే రెండో జత డ్రెస్ ఖరీదు అందులో ఏ మూలకూ రాదు.

అందుకే రెండు జతలు. ఒకటి ఒంటి మీద ఉంటే రెండోది ఎండలో ఉండాలి. క్లాసు అవగానే అక్కడే పొడి బట్టలు మార్చుకోవాలి. స్నానానికి వీల్లేకపోతే తడిగుడ్డతో తుడుచుకుని, ఆ తరువాత పొడి తువ్వాలుతో గజ్జలు, చంకలు, కాలివేళ్ళ సందులు ఒత్తుకోవాలి. లోపల బిగుతైన సింథటిక్ డ్రాయర్లు వద్దు, వదులు నూలువి వేయండి. తడి డ్రెస్‌ను ప్లాస్టిక్ కవరులో మూట కట్టకండి.

ఉతకడంలో కూడా ఒక మాట ఉంది. చల్లనీళ్ళలో, ఇంట్లో అందరి బట్టలతో కలిపి మెషీన్‌లో వేస్తే ఫంగస్ చావదు, పక్క బట్టలకు కూడా అంటే వీలుంది. ఇంట్లో ఎవరికైనా తామర ఉంటే ఆ డ్రెస్‌ను విడిగా, 60 డిగ్రీల వేడి నీళ్ళలో, అంటే చెయ్యి పెట్టలేనంత వేడిలో, అరగంట నానబెట్టి ఉతకాలి. తిరగేసి ఎండలో ఆరేయాలి. నడుము పట్టీ, కుట్ల వెంట వేడి ఇస్త్రీ చేస్తే ఇంకా మంచిది. తెల్లగా రావాలని బ్లీచింగ్ మోతాదు పెంచకండి. నూలు చివికిపోతుంది, ఆ వాసనకు కొందరి చర్మం మండుతుంది కూడా.

బెల్ట్ ఉతకకూడదన్న నమ్మకం ఒకటి కరాటే రోజుల నుంచి నడుస్తోంది. ఉతికితే అందులోని శ్రమ, శక్తి పోతాయంటారు. గౌరవించదగ్గ భావనే. ఏళ్ళ తరబడి చెమట పీల్చిన గుడ్డ నడుముకు చుట్టుకుంటే తామర అక్కడే ఎందుకు మొదలవుతుందో మాత్రం ఆ నమ్మకం చెప్పదు. బెల్ట్ కూడా ఉతకండి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేసరికి చాలామంది అమ్మాయిలు ఇలాంటి క్లాసులు మానేస్తారు. చదువు ఒత్తిడి అని పైకి చెబుతారు. తల్లితో ఏకాంతంగా మాట్లాడితే, తెల్ల ప్యాంటు భయం బయటపడుతుంది. నెలసరి రోజుల్లో కాళ్ళు చాపి దొర్లాలి, వెనక అబ్బాయిలుంటారు. ఆ నాలుగు రోజులు మానితే మాస్టారు కారణం అడుగుతారు. దీనికి ఖర్చులేని పరిష్కారాలున్నాయి. లోపల నల్లటి పొట్టి నూలు నిక్కరు వేసుకోవడం ఒకటి. ఆ రోజుల్లో ముదురు రంగు ప్యాంటుకు అనుమతి అడగడం ఇంకొకటి. ఐకిడోలో హకామా అని, కుచ్చిళ్ళతో వెడల్పుగా, నలుపో ముదురు నీలమో రంగులో ఉండే దుస్తు ఉంది. చూడటానికి లంగాలా ఉంటుంది. చాలా చోట్ల బ్లాక్ బెల్ట్ వచ్చాకే వేసుకోనిస్తారు. కొన్ని చోట్ల మహిళలకు ముందే అనుమతిస్తారు. మన దగ్గర నేర్పేవాళ్ళు కూడా ఈ పద్ధతిని పాటిస్తే ఒక్క అమ్మాయి అయినా మానకుండా ఉంటుంది. అంగీ లోపల టీ షర్టు, స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి. ఈ మాట మాస్టారు చెప్పలేరు, అమ్మే చెప్పాలి.

డ్రెస్‌లో మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టాలంటే, మంచి మ్యాట్ ఉన్న చోటు ఫీజులో పెట్టండి. ఐకిడోలో సగం చదువు పడటమే. అపార్ట్‌మెంట్ సెల్లారు గచ్చు మీద, స్కూలు టైల్స్ మీద, టెర్రస్ మీద వేసిన పలచని చాప మీద పడగొట్టే విద్య నేర్పుతుంటే డబ్బు తిరిగి రాకపోయినా సరే, పిల్లల్ని తీసుకొచ్చేయండి. కరాటేకు రెండు సెంటీమీటర్ల మ్యాట్ సరిపెడతారు. పడగొట్టే విద్యలకు సాధారణంగా నాలుగు సెంటీమీటర్ల మందం వాడతారు. మ్యాట్ ముక్కల మధ్య సందులు ఉండకూడదు. వేళ్ళు ఇరుక్కుని విరుగుతాయి. రోజూ క్రిమిసంహారక ద్రావణంతో తుడుస్తారా అని కూడా అడగండి.

ఇది ఊరికే బెదిరింపు కాదు. జపాన్ స్కూళ్ళలో 1983 నుంచి 2011 దాకా జూడో సాధనలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువ భాగం తల దెబ్బలే. అందులో కొత్తగా చేరినవాళ్ళే ఎక్కువ. పడటం రాకముందే పడగొట్టించుకున్న పిల్లలు. అక్కడ ఆ తరువాత జాగ్రత్తలు కట్టుదిట్టం చేశారు. మన పిల్లలకు మొదటి కొన్ని వారాలు పడటం మాత్రమే నేర్పే మాస్టారు దొరికితే "ఇంకా ఏమీ నేర్పడం లేదు" అని విసుక్కోకండి. ఆయన సరిగ్గా నేర్పుతున్నారు. చిన్నపిల్లల మణికట్లు మెలిపెట్టే పట్లు బలంగా వేయిస్తుంటే మాత్రం అడ్డు చెప్పండి. ఎముక చివర్లు ఇంకా పెరుగుతుంటాయి. తల వెనక దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తుగా ఉండటం, మాట తడబడటం కనిపిస్తే నొప్పి మాత్ర వేసి పడుకోబెట్టకండి. ఆ రాత్రే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఎండల సంగతి క్లుప్తంగా. 2015 మే నెల వడగాడ్పులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మే నెలలో క్లాసు పొద్దున్న ఎనిమిదిలోపు అయిపోవాలి, లేదా సాయంత్రం ఆరు దాటాక మొదలవ్వాలి. మధ్యలో నీళ్ళు తాగనివ్వని క్రమశిక్షణ వైద్యశాస్త్రంలో లేదు. ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా పంపండి. పిల్లవాడు తూలుతుంటే మందపాటి అంగీ వెంటనే విప్పించి, నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్ళు చల్లి గాలి విసరాలి. మాటలో పొంతన లేకపోతే 108కి ఫోన్ చేయాలి.

పిల్లలతో పాటు తామూ చేరతామనే తండ్రులు, తల్లులు కొందరున్నారు. సంతోషం. షుగర్ ఉన్నవాళ్ళు చేరేముందు పాదాలు చూపించుకోండి. ఐకిడో ఉత్తకాళ్ళతో చేస్తారు. స్పర్శ తగ్గిన పాదానికి మ్యాట్ రాపిడి వల్ల వచ్చిన పొక్కు తెలియదు, అది పుండయ్యాక తెలుస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని, మోకాళ్ళ మీదే నడిచే సాధన ఒకటుంది. నలభై దాటిన మోకాళ్ళకు అది పడకపోతే నిలబడి చేస్తానని చెప్పండి. ప్యాంటు లోపల వేసుకునే మోకాలి తొడుగులు దొరుకుతాయి. బీపీ అదుపులో లేనివాళ్ళు ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకుని రండి.

చివరగా ఫ్లెక్సీ మీద రాయని ఖర్చులు. అడ్మిషన్, నెల ఫీజు మీకు చెబుతారు. బెల్ట్ పరీక్ష ఫీజు ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు, సర్టిఫికెట్‌కు విడిగా కట్టాలా, పై బెల్ట్‌లకు ఎంత పెరుగుతుంది, పరీక్షకు వేరే ఊరు వెళ్ళాలా అన్నవి చేరేరోజే అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. మూడు నెలలకొక రంగు మారుతుంటే అది పిల్లవాడి ప్రతిభో, లెక్కల పుస్తకమో చూసుకోండి. చెక్క కత్తి, కర్ర మొదటి ఏడాది కొనక్కరలేదు. క్లాసులో ఉమ్మడిగా వాడుకునేవి ఉంటాయి. హకామా మంచిది కొనాలంటే అయిదు వేల పైమాటే. అది ముందే కొనిపెడతామని ఉత్సాహపడే తాతయ్యలను కూడా చూశాను. ఆ రోజు రావడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. అప్పటికి మనవడి ఎత్తు ఎంతుంటుందో ఇప్పుడే ఎవరు చెప్పగలరు?